పన్ను నొప్పి అని చెప్పినాము

పోయిన వారం కట్టుడు పళ్లకు కొలతలిచ్చేదానికి ఆదోనిలో పళ్ల డాక్టరు దగ్గరికి పోయినాను. నా మనవరాలి వయసుండే పిల్ల. నోరు తెరిపించి, లైటు వేసి, రెండు బుగ్గల లోపలా వేలితో తడిమి చూసి, "అవ్వా, మీ ఇంట్లో ఎవరికైనా నోటి క్యాన్సర్ వచ్చిందా? నీకు పొగాకు అలవాటుందా?" అని అడిగింది. మా అవ్వకు, మా అత్తకు, మా చెల్లెలికి వచ్చిందని, నేను మాత్రం చిన్నప్పుడే మానేసినానని చెప్పినాను. కాగితం మీద ఏదో రాసుకొని, "మంచి పని చేసినావు అవ్వా" అని మెచ్చుకుంది. నేను మానేసిన తీరు తెలిసింటే ఆ పిల్ల అంత సులువుగా మెచ్చుకొనేది కాదు. ఇంటికి వచ్చినాక రెండు దినాలు నాకు అన్నం సయించలేదు.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. నేతపని చేసే ఇల్లు. నడవలో మా నాయన గుంత మగ్గం, దాని పక్కన గోడకు ఆనుకొని మా అత్త రాట్నం. అత్త అంటే మా నాయనకు అక్క. పెండ్లయిన మూడేండ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసి, అప్పటినుంచీ తమ్ముడి మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. పొద్దున ముఖం కడుక్కొని కూర్చుంటే ఆమె కుడి చెయ్యి రాట్నం తిప్పుతూనే ఉండేది, ఎడమ బుగ్గ పొగాకుతో ఉబ్బే ఉండేది. బుగ్గలో ఆకు లేకుంటే నోట్లోనుంచి మాట వచ్చేది కాదు, ఆకు ఉంటే ఆ మాట మాకు అర్థమయ్యేది కాదు. ఆమె నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తి మా ఇంట్లో దేవుడి గూటికంటే ఎక్కువసార్లు తెరుచుకునేది. మా అవ్వ, నాయన, అమ్మ, అందరూ దాంట్లో చెయ్యి పెట్టేవాళ్లే. వానలు లేని ఏడు రొట్టెలు తగ్గితే ఆకు పెరిగేది. ఆకలి తెలియదు, నడుము నొప్పి తెలియదు. నా పన్నెండో ఏట మొదటి పొగాకు తుంపు నా బుగ్గలో పెట్టింది కూడా అత్తే. కండెలు చుట్టేటప్పుడు కునికిపాట్లు రాకుండా ఉంటాదని పెట్టింది. ముద్దుగానే పెట్టింది.

ఆ మరుసటేడే మా అవ్వకు బుగ్గలో పుండు లేచింది. క్యాన్సర్ అనే మాట అప్పటికి మా వీధికి రాలేదు, రాచపుండు అనేవాళ్లు. అది కూడా గొంతు తగ్గించి అనేవాళ్లు. ఆదోని ఆసుపత్రికి తీసుకపోయినప్పుడు అవ్వను పట్టుకోని అత్త, తోడుగా నేను పోయినాము. డాక్టరు అవ్వను చూసి బయట కూర్చోబెట్టి, అత్తను మాత్రం నిలబెట్టి చెప్పినాడు. "ఈమెకు చేసేది ఏమీ లేదమ్మా. నేను నీ గురించి చెప్తున్నాను. తల్లికి వచ్చిన ఇంట్లో బిడ్డలు ఇంకా జాగ్రత్తగా ఉండాల. ఆ పొగాకు మానెయ్యి. ఇంట్లో అందరితోనూ మాన్పించు." అత్త ఇంటికి వచ్చి ఆ మాట మా నాయనకు చెప్పింది. ఆయన మగ్గంలో నాడె ఆపకుండానే, "ఊరంతా నములుతాంది. ఊరందరికీ వచ్చిందా? అమ్మది కర్మ అక్కా" అన్నాడు.

అవ్వ పోయినాక, కర్మలు తీరినంక, అందరం మంత్రాలయం పోయినాము. అత్త తుంగభద్రలో మునిగి లేచి, నడుముకుండే తిత్తి తీసి ఏట్లో వదిలేసింది. మా అమ్మ ఏడ్చినంత పని చేసింది, తిత్తి కొత్తది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త పక్కనే కూర్చొని మా నాయన తన తిత్తి విప్పినాడు. ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది.

నెలా పది దినాలు ఆమె ఆకు ముట్టలేదు. ఆ నెలా పది దినాలూ మాకు నరకం, ఆమెకు ఇంకెట్లుండిందో నాకు చానా ఏండ్లకు గాని తెలియలేదు. బుగ్గలో ఒకసారి పప్పులు, ఒకసారి బొరుగులు, ఒకసారి చింతగింజ పెట్టుకునేది. రాట్నాన్ని తిట్టేది, పిల్లిని తిట్టేది, మేము ఊపిరి గట్టిగా తీసుకున్నా తిట్టేది. తల పగిలిపోతాందని గుడ్డ కట్టుకొని కూర్చునేది. చేతులు వణికి దారం తెగేది, కండెలు వదులుగా వచ్చేవి. అవి పెండ్లిండ్ల దినాలు, చీరలు తొందరగా దిగాల. కండెలు లేక మగ్గం ఆగిపోతాంటే మా నాయన రెండు దినాలు ఓర్చుకున్నాడు. మూడో దినం పొద్దున అంగడికి పోయి పొగాకు తెచ్చి ఆమె రాట్నం పక్కన పెట్టినాడు. "ఊరికే బుగ్గన పెట్టుకో అక్కా. మింగద్దు. ఏం కాదు." ఆయన కసురుకోలేదు, బలవంతం చేయలేదు. అత్త ఆ పొట్లాన్ని అంబలి తాగే అంబటిపొద్దు దాకా చూస్తూ కండెలు చుట్టింది. ఆ తర్వాత చుట్టిన కండెలన్నీ గట్టిగా వచ్చినాయి.

నాకు పదిహేడేండ్లు వచ్చినప్పుడు ఆదోనినుంచి సంబంధం వచ్చింది. పిల్లోడు పత్తి మిల్లులో గుమాస్తా. చూపులకు వచ్చినప్పుడు తల వంచుకొని కూర్చున్నాడు, పోయేటప్పుడు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసినాడు. నాకు అది చాలింది. తాంబూలాలు మార్చుకున్నారు, ముహూర్తం నాలుగు నెలలకు కుదిరింది. ఆ వారంలోనే అత్త రొట్టెలోకి ఎర్రకారం వద్దనింది. కారం లేకుంటే ముద్ద ఎత్తని మనిషి రొట్టెను మజ్జిగలో నానబెట్టుకోని తింటాంటే మా అమ్మే మొదట కనిపెట్టింది. వెలుతురులోకి తీసుకపోయి నోరు తెరిపిస్తే బుగ్గ లోపల తెల్లగా పొర, దాని నడుమ పుండు.

అత్త ఏడవలేదు. "అబ్బీ, అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది. బిరీన ఆదోనికి తీసుకపో" అనింది మా నాయనతో.

ఆయన గోడకల్లా తిరిగి మాట్లాడినాడు. "ఆసుపత్రి ఉండేది పిల్లోడి వాళ్ల వీధిలోనే గదక్కా. తల్లికొచ్చింది, బిడ్డకొచ్చింది అంటే ఈ ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? పెండ్లి కానీ. నాలుగు నెల్లే గదా."

అత్త నాకల్లా చూసింది. నేను గడప దగ్గరే నిలబడుకోని ఉండాను. "పెండ్లి పోతే పోనీ, అత్తను తీసుకపో నాయనా" అనేది పెద్ద మాటేం కాదు. నేను అనలేదు. నన్ను ఎవరూ అడగలేదని ఇన్నేండ్లూ సర్ది చెప్పుకున్నాను. నిజం అది కాదు. వెనక్కి తిరిగి చూసిన ఆ పిల్లోడు నాకు కావల్సి వచ్చినాడు.

"సరేలే" అనేసి అత్త రాట్నం దగ్గరికి పోయింది.

పెండ్లిలో ఆమె చెంగు బుగ్గకు అడ్డం పెట్టుకోని ఒక మూల కూర్చుంది. అడిగినోళ్లందరికీ మా అమ్మ పన్ను నొప్పి అని చెప్పింది. నన్నడిగితే నేనూ అదే చెప్పినాను. పెండ్లికొడుకు తల్లి, మా అత్తగారు, జాలిపడి లవంగం తెప్పించి, నొప్పి ఉండే పక్క కొరికి పెట్టుకోమనింది. ఆ పుండు మీద లవంగం ఎంత మండిందో ఏమో. మా అత్త మర్యాదగా తల ఊపి దాన్ని నోట్లో పెట్టుకుంది.

పెండ్లయిన వారానికి ఆసుపత్రికి తీసుకపోయినారు. ఎన్నాళ్లయిందని డాక్టరు అడిగితే, పది దినాలని మా నాయన ఆడ కూడా అబద్ధమే చెప్పినాడు. డాక్టరు అత్తను చూసి మళ్లీ అదే అడిగినాడు. ఆమె నాలుగు వేళ్లు చూపించింది. మొదట్లోనే తెచ్చింటే కోసి తీసేదానికి వీలయ్యేదేమో అని, మద్రాసుకు చీటీ రాసిచ్చినాడు. అప్పటికి దవడ బిగుసుకపోయింది. మద్రాసుకు పోతే ఆడనే పోతానని అత్త రాననింది.

నేను చూసేదానికి పోయినప్పుడు పక్కన కూర్చోమని సైగ చేసి, నా నడుముకుండే చిన్న తిత్తిని తనే లాగి పారేసింది. ఇంక ముట్టనని ఒట్టు పెట్టబోయినాను. చెయ్యి పట్టుకోని ఆపింది. "ఒట్టొద్దు మే. నేను గంగమ్మకే ఇచ్చి తప్పినా. ఈ పొద్దుకు మానుకో. రేపు మళ్లా రేపటికి మానుకో." ఆ మాటలు చెప్పేదానికి ఆమెకు చానాసేపు పట్టింది. ఉగాది చూడకుండానే పోయింది.

నేను అట్లనే మానుకున్నాను. మా ఆయన నేను తినే బొరుగులు చూసి భయపడేవాడు. మా నాయన మాత్రం ఎనభై దాటినదాకా నమిలి, అరుగు మీదనుంచి పడి పోయినాడు. ఆయన్ను చూపించి పొగాకుతో ఏమీ కాదనేవాళ్లు ఎమ్మిగనూరులో ఈ పొద్దుకూ ఉండారు. మా చెల్లెలికి నేను ఎంత చెప్పినా, "నాయనకేమయింది?" అనేది. నలభై ఆరో ఏట అదే బుగ్గ, అదే పుండు.

అత్త పోయిన రెండు నెలలకు దాచలేక మా అత్తగారికి నిజం చెప్పేసినాను. ఆమె బియ్యం ఏరుతాండేది. చేట పక్కన పెట్టి, "ఆ మాట ముందే చెప్పకూడదా పిచ్చిదానా? మా అమ్మా దాంతోనే పోయింది. పిల్లనియ్యరేమోనని మేమూ మీకు చెప్పలేదు" అనింది.

ఆ మాట విని అరవై ఏండ్లు దాటింది. ఈ అరవై ఏండ్లలో మా నాయనను ఎప్పుడో క్షమించినాను, ఆ నాలుగు నెలలను మాత్రం ఇంతవరకూ దాటి రాలేకపోయినాను.