ప్రేమానందం మాస్టారి ఫాగ్ లైట్లు

2016, శీతాకాలం మొదట్లో సంగతి. ఆమదాలవలసలో స్టేషన్‌కి వెళ్ళే రోడ్డు మీద నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇంజన్ పని నాది కాదు. బండిలో కరెంటుతో నడిచేవన్నీ నావి: బ్యాటరీ, సెల్ఫు, హారను, వైరింగు, లైట్లు. అప్పటికే ఇరవై ఏళ్ళ పైన అనుభవం. తప్పులు చెయ్యలేదని అనను గానీ, తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమనే తప్పు ఒకటుంది. అది ప్రేమానందం మాస్టారి కారు దగ్గర చేశాను.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. హాస్టలు వార్డెన్ కూడా ఆయనే. యాభై అయిదేళ్ళుంటాయి. చేతులు మారి వచ్చిన చిన్న తెల్ల కారు ఒకటి ఉండేది. ఒకరోజు ఆ కారు షాపు ముందు ఆపి, చొక్కా జేబులోంచి మాడిపోయిన బల్బు తీసి నా చేతిలో పెట్టారు.

"అప్పలరాజూ, రెండు నెలల్లో మూడు జతలు పోయినాయి. ఏటి కారణం?"

బల్బు గాజు లోపల నల్లబడి ఉంది. "లోకల్ మాల్ మాస్టారూ. ఇంతకంటే ఏటి ఆగుతాది?" అన్నాను.

"అయితే ఎక్కువ వెలుగిచ్చేది, ఎక్కువ రోజులు ఆగేది ఒకటి సూడు."

ఆ రెండూ ఒక్క బల్బులో దొరకవు. చిన్న కార్లకి మామూలుగా వచ్చే హాలోజెన్ బల్బు 60/55 వాట్స్. దూరానికి కొట్టే హై బీమ్‌కి అరవై, దగ్గర రోడ్డు చూపించే లో బీమ్‌కి యాభై అయిదు. బయట 100/90 అని దొరుకుతాయి. వెలుగు ఎక్కువే, వేడి అంతకంటే ఎక్కువ. లోపలి ఫిలమెంటు త్వరగా తెగిపోతుంది, సన్న వైర్లు వేడెక్కుతాయి. తెలిసీ అవే వేశాను. ఆయన అడిగింది వెలుగు కదా అనుకున్నాను.

మూడు వారాలకి హోల్డరు కరిగి, మాడు వాసనతో కారు తిరిగొచ్చింది. అప్పుడప్పుడే మా వైపు LED హెడ్‌లైట్ బల్బులు వస్తున్నాయి. "దీనికి ఫిలమెంటే లేదు మాస్టారూ. ఇక తెగిపోడానికేటి ఉన్నాది?" అని అవి బిగించాను. ఎదురుగా ఉన్న షట్టరు మీద వేసి చూస్తే పట్టపగల్లా ఉంది. ఆయనకీ నచ్చింది, నాకూ గర్వంగా అనిపించింది. ఆ వెలుగు పెట్టుకుని ఎక్కడికెళ్తారో మాత్రం అడగలేదు.

పది రోజులు పోయాక, ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చారు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి, ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నీ లైటు బాగానే ఉన్నాది రాజూ. మరీ తెల్లగా ఉన్నాది, అంతే."

ఏమయిందని అడిగితే అప్పుడు చెప్పారు. ఆయన భార్య రూతమ్మగారు నర్సు. పాతపట్నం, పర్లాకిమిడి దాటి ఒడిశా కొండల్లోకి వెళ్తే అక్కడొక చిన్న మిషన్ ఆసుపత్రి ఉంది, అందులో పని. ఈయనకి శనివారం రాత్రి కూడా హాస్టల్లో ఉండక తప్పదు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి కారు తీస్తే ఏడు గంటలకి అక్కడుంటారు. ఇద్దరూ ఆరాధనకి వెళ్ళి, వండుకుని తింటారు. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ డ్యూటీకి వెళ్తే ఈయన వెనక్కి బయల్దేరతారు.

"వారానికి ఏడు గంటలు. పదకొండేళ్ళ బట్టీ అదే మా కాపురం" అన్నారు.

"అమ్మని ఉద్యోగం మానీమనకపోయారా?"

"కాన్పులు సూసే సిస్టరు అక్కడ తనొక్కర్తే. మానీమని ఏ నోటితో సెప్తాను?"

ముందురోజు ఆదివారం కొండ ఎక్కుతుంటే మంచు కమ్మేసింది. లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ, ఆపితే చీకటి. రెండు మలుపులు ఎలాగో తిరిగారు. మూడో మలుపు దగ్గర చక్రం రోడ్డు దిగింది. పక్కనే లోయ. కారు ఆపి, ఎండ వచ్చేదాకా అక్కడే కూర్చుండిపోయారు.

"ఆ రోజు తన డ్యూటీ మారి, ఎనిమిదింటికే లోపలికెళ్ళిపోనాదంట. నేనెళ్ళేసరికి తొమ్మిదిన్నర. ఎవరికో కాన్పు కష్టమైంది. గది బయట బెంచీ మీద కూకున్నాను. ఒకసారి తలుపు తీసి సూసింది. 'వచ్చినారా' అంది. మళ్ళీ లోపలికెళ్ళిపోనాది. మూడింటిదాకా సూసి వచ్చీసినాను."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మంచులో గాలి నిండా సన్నటి నీటి తుంపరలుంటాయి. వెలుగు వాటికి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. పైగా హాలోజెన్ కోసం చేసిన డూమ్‌లో, అంటే బల్బు వెనకుండే మెరుపు గిన్నెలో, LED పెడితే వెలుగు చెదిరి పైకి కూడా కొడుతుంది. షట్టరు మీద చూసి మురిసిపోయిన వెలుగే కొండ మీద ఆయనకి దారి లేకుండా చేసింది.

ఆ సాయంత్రం కారు నా దగ్గరే ఉంచమన్నాను. మొదటిరోజే చెయ్యాల్సిన పని అప్పుడు చేశాను: ఇంజన్ నడిపిస్తూ బ్యాటరీకి మీటరు పెట్టాను. పద్నాలుగు, పద్నాలుగున్నర వోల్టులుండాలి. రేజు చేస్తే పదిహేనున్నర దాటింది. ఛార్జింగుని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైంది. బల్బులు వరసగా మాడిపోయింది అందుకు. లోకల్ మాల్ అని ఆ బల్బుల మీద వేసిన నిందలో సగం, మీటరు పెట్టి చూడని నాదే.

రెగ్యులేటరు మార్చాను. మామూలు 60/55 హాలోజెన్లే మంచివి చూసి, గాజుకి చేతి జిడ్డు అంటకుండా గుడ్డతో పట్టుకుని వేశాను. జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. కరెంటు సన్న వైర్ల గుండా కాకుండా బ్యాటరీ నుంచి తిన్నగా వెళ్ళేలా రిలే పెట్టాను. బంపరు కింద, నేలకి మూరెడెత్తున రెండు పసుపు ఫాగ్ లైట్లు బిగించాను. పసుపు రంగే మంచుని చీలుస్తుందంటారు గానీ, నా అనుభవంలో అసలు పని రంగుది కాదు, ఎత్తుది. లైటు కిందుండి, వెలుగు పైకి లేవకుండా రోడ్డు మీద వెడల్పుగా పరుచుకోవాలి.

"వచ్చే ఆదివారం నేనూ వస్తాను మాస్టారూ. ఆ మంచులో ఒకసారి సూడాల" అన్నాను. వద్దనలేదు.

ఆ ఆదివారం గంట ముందే, మూడింటికే బయల్దేరాం. కొండ మొదట్లోనే మంచు అందుకుంది. హెడ్‌లైట్లు ఆపేసి ఫాగ్ లైట్లు ఉంచమన్నాను. కారు దిగి, స్పానరుతో ఆ లైట్లని కొంచెం కొంచెం కిందకి వంచుతూ పోయాను. "ఇప్పుడో?" అంటే "ఇంకొంచెం" అని లోపల్నుంచి ఆయన. వేళ్ళు కొంకర్లు పోయాయి. చివరికి రోడ్డు అంచున తెల్ల గీత నాలుగైదు బారల దూరం కనిపించింది.

"చాలు రాజూ. గీత దొరికింది కదా, ఎళ్ళిపోతాను" అన్నారు.

నెమ్మదిగా, దాదాపు నడక వేగంతో ఎక్కాం. ఏడుకి ఇంకా పావుగంట ఉండగా ఆసుపత్రి గేటు వచ్చింది. రూతమ్మగారు శాలువా కప్పుకుని గేటు బయటే ఉన్నారు. ఆవిడ జుట్టు మంచుకి తడిసిపోయి ఉంది. ఎప్పట్నుంచి నిలబడ్డారో.

"ఏటండీ, ఇంత మంచులో ఇంత బేగి వచ్చీసినారు?"

"మేస్త్రీని ఎంటబెట్టుకొచ్చినాను" అని ఆయన నవ్వారు. ఆవిడ నా చేతులు చూసి, లోపలికి తీసుకెళ్ళి వేడి టీ ఇచ్చారు. ఆరాధన జరుగుతున్నంతసేపూ నేను కారు దగ్గరే ఉన్నాను. ప్రార్థన గది కిటికీలోంచి వాళ్ళిద్దరూ కనిపించారు. ఒకే పాటల పుస్తకం చెరోవైపు పట్టుకుని ఉన్నారు.

తిరుగు దారిలో నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. నా భార్య పార్వతి కామెర్లతో పోయి అప్పటికి మూడేళ్ళు. మా ఇల్లు షాపుకి పది నిమిషాల నడక. మధ్యాహ్నం ఫోన్ చేసి "అన్నం సల్లారిపోతన్నాది" అనేది. "వస్తన్నాను" అనేవాణ్ని. ఇంకో బండి, ఇంకో వైరు అనుకుంటూ మూడింటికి వెళ్ళేవాణ్ని. నేను వెళ్ళాకే తను తినేది. మంచూ లేదు, కొండా లేదు. ఆ పది నిమిషాల దారి ఒక్కరోజైనా వేళకి నడిచి ఉండాల్సిందని పర్లాకిమిడి నుంచి ఆమదాలవలస దాకా అనుకుంటూనే వచ్చాను.

ఆ లైట్లు రెండేళ్ళు పనిచేశాయి. ఒక్కసారే బల్బు మార్చాను. 2018లో మాస్టారు ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, ఆవిడ దగ్గరికే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు షాపుకొచ్చి, "ఇక ఆదివారాల కోసం సూడక్కర్లేదు రాజూ" అన్నారు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి మంచి బల్బు వెయ్యమంటే ముందు మీటరు పెడతాను. తర్వాత ఏ దారిన, ఏ వేళకి వెళ్తారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు దారి సంగతి మొదలుపెట్టి, ఆ దారి చివర ఉన్న మనిషి సంగతి దాకా వస్తారు. వాళ్ళ బండి ఎంత పనున్నా మర్నాటికి వాయిదా వెయ్యను.