గంజి పెట్టిన సముద్రం

వీధిలో అందరూ ఆయన్ని కెప్టెన్ అనేవారు. ఆయన జీవితమంతా నడిపింది మాత్రం ఇస్త్రీపెట్టె. సముద్రం చూసిన పాపాన పోలేదు. ఒక్కసారి పార్కులో చెరువు మీద పడవెక్కితే, తాడు విప్పకముందే కడుపులో తిప్పి, దింపండి బాబూ అని దణ్ణం పెట్టాడట. అలాంటి మనిషి ఇంట్లో గోడల నిండా ఓడలు. తెరచాపల ఓడలు, ఫిరంగుల ఓడలు, తుఫానులో పక్కకు ఒరిగిన ఓడలు, ఒరగడం పూర్తయి మునుగుతున్న ఓడలు. మేకు కొట్టడానికి ఖాళీ లేక క్యాలెండర్‌ను తలుపు వెనక్కి పంపించారు.

పిచ్చి పట్టింది పని దగ్గరే. ఇస్త్రీ చేసిన బట్టలు చుట్టి ఇవ్వడానికి కాగితాలు కావాలి కదా. పాత కాగితాల కొట్టులో కట్టలు కొనేవాడు. ఒకరోజు ఒక కట్టలోంచి పసుపు తిరిగిన మందపాటి కాగితం ఒకటి జారింది. దాని మీద పెద్ద ఓడ. ఏ కాలంలోనో ఏ మహానుభావుడో రాగిరేకు మీద గీత గీతగా చెక్కి అచ్చేసిన బొమ్మ. ఇంకొకడైతే అందులో రెండు ప్యాంట్లు చుట్టి పడేసేవాడు. కెప్టెన్‌కు చేతులు రాలేదు. ఆయన కళ్లు తెరచాపల మీదే ఉండిపోయాయి.

"ఇంతింత గుడ్డలు, ఒక్క ముడత లేదు చూడు" అని భార్యకు చూపించాడు. "గాలి చేసిన ఇస్త్రీ ఇది. నా తరం కాదు."

ఆమె చూసింది. "మేడమీద వాళ్ల చొక్కా మాడుతోంది" అంది.

చొక్కా మాడిపోయింది. పిచ్చి మిగిలిపోయింది.

పిచ్చి ఒక్కడికే ఉంటే చుట్టుపక్కల వాళ్లు సర్దుకుపోతారు. ఇక్కడ తోడు దొరికింది. కెప్టెన్ భార్యకు ఒక్కగానొక్క తమ్ముడున్నాడు. పక్క వీధిలో మంగలి షాపు అతనిది. బావ తెచ్చిన బొమ్మను మొదటిసారి చూసినప్పుడు తెరచాపలను పట్టించుకోలేదు. షాపులోంచి భూతద్దం తెచ్చి, ఓడ మీద చీమంత సైజులో నిలబడ్డ నావికుల గడ్డాలు చూశాడు.

"ఈ గడ్డం గీసినవాడెవడో గానీ పనివాడు బావా" అన్నాడు. "ఓడ ఊగుతుంటే చెంప మీద గీత ఇంత తిన్నగా రావడం మాటలు కాదు."

అంతే, బావా బావమరుదులిద్దరూ దొందూ దొందే అయ్యారు. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే కాగితాల కొట్టుకు పోవడం, దుమ్ము తింటూ కట్టలు విప్పడం, దొరికిన ఓడను చంకలో పెట్టుకుని ఇంటికి రావడం, ఆమె వడ్డిస్తుంటే తింటూ దాని గురించే మాట్లాడుకోవడం. ఒకడు గుడ్డ సంగతి చెబితే ఇంకొకడు వెంట్రుక సంగతి చెప్పేవాడు. వాళ్లు చెప్పేది లోకంలో మూడోవాడెవడూ వినడు. ఆమె కూడా వినేది కాదు. కానీ తమ్ముడు తన ఇంట్లో కూర్చుని, తన చేతి వంట ఆవురావురుమని తింటుంటే చూస్తూ కూర్చునేది. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది అతనొక్కడే.

ఆ సంతోషానికి చిచ్చు పెట్టిన బొమ్మ కూడా ఆ కొట్టులోనే దొరికింది. దుప్పటంత కాగితం, నడిమికి మడత. ఎడమవైపు ఎగిరే జెండాలతో ఒక నౌకాదళం, కుడివైపు పొగ కక్కే ఫిరంగులతో ఇంకో నౌకాదళం. మధ్యలో భయంకరమైన యుద్ధం. ఇద్దరూ ఒకేసారి చూశారు, ఒకేసారి చెయ్యి వేశారు. నేను ముందంటే నేను ముందు. పెద్దవాణ్ణి వదలరా అని ఆయన, అక్క మొగుడివని ఊరుకుంటున్నా వదులు బావా అని ఇతను. పాత మడత ఎంతసేపని ఓర్చుకుంటుంది? పరపరమని రెండు ముక్కలైంది.

ఎవరి చేతిలో సగం వాళ్లకు మిగిలింది. అక్కడితో కళ్లు తెరుచుకోవాలి కదా. తెరుచుకోలేదు. ఎడమ సగం దక్కిన కెప్టెన్ తన జెండాలవాళ్లే యుద్ధం గెలిచారన్నాడు. కుడి సగం దక్కిన మంగలి, ఫిరంగులు పేలుస్తున్నది మావాళ్లయితే గెలిచేది మీవాళ్లా అన్నాడు. ఎప్పుడో ఎక్కడో ఎవరెవరో చేసుకున్న యుద్ధం. ఓడిన వాళ్ల మనవలు కూడా మరిచిపోయి ఉంటారు. వీళ్లిద్దరూ మాత్రం దానికోసం ఒకరితో ఒకరు మాటలు మానేశారు.

ఇక మొదలైంది అసలు వేడుక. కెప్టెన్ జుట్టు పెరిగింది. వీధికి నాలుగు మంగలి షాపులున్నాయి, పోవచ్చు. పోడు. ఇంకొకడి ముందు తల వంచితే బావమరిదికి అన్యాయం చేసినట్టట. వాడితో మాట్లాడడు గానీ, తల మాత్రం వాడి సొత్తే. జుట్టు చెవులు దాటింది, భుజాలు దాటింది. ఇస్త్రీ చేస్తుంటే కళ్లలో పడుతోందని భార్య రిబ్బను ఇచ్చింది. అక్కడ మంగలిదీ ఇదే తంతు. బావ చెయ్యి పడని చొక్కా ఇంకొకరి చేత ఇస్త్రీ చేయించడట. నమిలి ఉమ్మేసినట్టున్న చొక్కాలతో షాపులో నిలబడేవాడు. ఈ మనిషి నా తల ఏం సర్దుతాడని కొందరు గుమ్మంలోంచే వెనక్కి పోయేవారు.

"ఏమండీ" అంది భార్య ఒకరోజు. "నేనే వెళ్లి వాణ్ణి చూసొస్తున్నాను, కాదనను. కానీ వాడు ఈ గడప తొక్కి ఎన్నాళ్లయింది? ఆదివారం వస్తే నాకు వంట చేయబుద్ధి కావడం లేదు."

"నీ తమ్ముణ్ణి ఓడిపోయామని ఒప్పుకోమను" అన్నాడు కెప్టెన్, గోడవైపు తిరిగి. గోడవైపు ఎందుకు తిరిగాడంటే ఆయనకూ ఆదివారాలు గడవడం లేదు. కొత్తగా దొరికిన ఓడలన్నీ ఎవరికీ చూపించకుండానే మేకులెక్కుతున్నాయి. చూపించే మనిషి లేని ఓడ ఉన్నా ఒకటే, మునిగినా ఒకటే అని ఆయనకు బాగా తెలిసొచ్చింది. అయినా పంతం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ పంతంలోనే బుద్ధి గడ్డి తింది. బావమరిది సగం కంటే తన సగం దిట్టంగా, నిగనిగలాడుతూ ఉండాలనుకున్నాడు. ఇస్త్రీవాడికి నిగనిగ అంటే ఒకటే తెలుసు. చిక్కటి గంజి కాచి, గుడ్డతో కాగితమంతా పట్టించి, పైన పల్చటి పంచె పరిచి, పెట్టె వేడి చూసుకుని నెమ్మదిగా ఇస్త్రీ చేశాడు. ఏం వచ్చిందయ్యా! సముద్రం అట్టలా బిర్రబిగిసింది. అలలు గీసుకుంటే తెగేలా ఉన్నాయి. వంటగది గుమ్మం పక్కన వేలాడదీసి, భుజాలు ఎగరేసుకుంటూ తిరిగాడు.

గంజికి పురుగు పడుతుందని ఆయనకు తెలియదా అంటే, తెలుసు. బట్టల విషయంలో తెలుసు. గంజి పెట్టిన బట్టలు ఎక్కువ రోజులు బీరువాలో ఉంచుకోవద్దని వాడుకగా వచ్చేవాళ్లకు సలహాలు కూడా ఇచ్చేవాడు. కాగితం దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి అటకెక్కింది.

ఒక ఆదివారం పొద్దున ఊరికే చూద్దామని దగ్గరకు వెళ్లాడు. సముద్రంలో చిల్లులు. జెండాల ఓడలు ఒక్కొక్కటే మాయమై ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద ఓడకు పై తెరచాప మిగిలింది, కింద ఏమీ లేదు. బొమ్మ కదిపితే వెనక నుంచి వెండిరంగు పురుగులు బిలబిలమని గోడ ఎక్కాయి. కెప్టెన్ అక్కడే కూలబడ్డాడు. ఎవరితో చెప్పుకోవాలి? భార్యతో చెబితే కాగితమే కదా అంటుంది. బట్టలకు వచ్చేవాళ్లతో చెబితే నవ్వుతారు. ఈ దుఃఖం అర్థమయ్యే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, వాడితో మాటలు లేవు.

మధ్యాహ్నం దాకా గింజుకున్నాడు. తర్వాత బొమ్మను చుట్ట చుట్టి, రిబ్బను తీసేసి బయలుదేరాడు.

షాపులో ఎవరూ లేరు. మంగలి బావ జుట్టు చూశాడు. బావ అతని చొక్కా చూశాడు. మంగలి కుర్చీ దులిపాడు. కెప్టెన్ కూర్చున్నాడు. మంగలి అతని మెడ చుట్టూ గుడ్డ కట్టాడు.

"నాది పోయిందిరా" అన్నాడు కెప్టెన్, గుడ్డ కిందనుంచి చుట్ట తీసి ఇస్తూ.

మంగలి విప్పాడు. భూతద్దం పెట్టి చిల్లు చిల్లూ వెతికాడు. "ఇక్కడ పెద్దోడలో మీసాలాయన ఉండాలి కదా బావా."

"తినేశాయి."

"మీసాలు కూడానా?"

"అన్నీ."

మంగలి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అద్దం పక్కన వేలాడుతున్న తువ్వాలు తీశాడు. దాని వెనక పెద్ద ఫ్రేము. ఆ ఫ్రేము నడిమధ్య అరచేతిలో పట్టేంత కాగితం. దానిలో సగం ఫిరంగి, బోలెడంత పొగ.

"ఇదేంట్రా?"

"అంచు కాస్త వంకరగా ఉందని కుడివైపు కొంచెం తీశాను బావా" అన్నాడు మంగలి నెమ్మదిగా. "అప్పుడు ఎడమవైపు ఎక్కువ కనబడింది. అటు తీశాను. ఇటు ఎక్కువైంది. సమానం చేసుకుంటూ వచ్చాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. తలకైతే చెవులుంటాయి. కాగితానికి చెవులుండవు కదా."

కెప్టెన్ ఆపుకుందామని చూశాడు. ఆగలేదు. నవ్వు తన్నుకొచ్చి కుర్చీ గిర్రున తిరిగింది. మంగలి కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఎవరు గెలిచారో చెప్పడానికి ఇటూ ఓడల్లేవు, అటూ ఓడల్లేవు. నువ్వు లేకపోతే ఈ ఓడలన్నీ నాకెందుకురా అన్నాడు కెప్టెన్, పచ్చిగా అలాగే అన్నాడు. జుట్టు కుప్పలు కుప్పలుగా రాలింది. షాపుకు తాళం వేసి ఇద్దరూ ఇంటికి వచ్చారు.

గుమ్మంలో తమ్ముణ్ణి చూడగానే ఆమె వంటగదిలోకి వెళ్లింది. పొయ్యి వెలిగించింది. వంట అయ్యాక ఇద్దరికీ కంచాలు పెట్టి ఎదురుగా కూర్చుంది. వాళ్లు తింటూ పోయిన ఓడలను తలుచుకుని ఒకరి కంటే ఒకరు బాధపడుతున్నారు.

"అది సరే గానీ" అన్నాడు కెప్టెన్ భార్యతో. "ఆ గోడ రోజూ దులుపుతావు కదా. నీకు పురుగులు కనబడలేదా?"

"కనబడ్డాయి."

ఇద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి.

"మొదటి పురుగును కొడదామని చీపురు ఎత్తాను కూడా" అంది ఆమె. "అప్పటికే అక్కడ వీడు కత్తిరించడం మొదలుపెట్టాడు, వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. అటు కత్తెర, ఇటు పురుగులు. రెండూ అయిపోతే మీకు కొట్టుకోవడానికి ఏం మిగలదు కదా అనిపించింది. చీపురు దించేశాను."

"అంత పెద్ద ఓడను తినేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదండీ" అంది ఆమె, తమ్ముడి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డిస్తూ. "మరీ ఆలస్యమవుతోందని రెండోసారి గంజి నేనే పెట్టాను."