చొక్కా విప్పి తుడిచిన గాజు

మా లైట్‌హౌస్ పాత లెన్సును బాగుచేసి తెస్తామని లైట్‌హౌసుల శాఖవాళ్లు ఢిల్లీ పట్టుకొచ్చి, తమ ఆఫీసు గోదాములో చెక్కపెట్టెలో పడేశారు. తొమ్మిదేళ్లుగా నా కడుపు మండుతూనే ఉంది. అది తిరిగి సముద్రపు ఒడ్డుకు చేరితే చూడాలనుకున్న మా హెడ్డు గారు మొన్న మంగళవారం పొద్దున ఆర్.కె. పురంలో, కూతురి క్వార్టర్లో పోయారు.

ఆయన మా లైట్‌హౌస్‌కు హెడ్ కీపర్. నేను ఆయన కింద గాజు తుడిచేవాణ్ణి. మనిషికంటే ఎత్తు లెన్సు అది. మా తాతలు పుట్టకముందే ఓడలో వచ్చిందట. లోపల వెలిగేది చిన్న దీపం. ఆ గాజు దాన్ని కనుచూపు దాటిన పడవలకు చూపించేది. అన్నేళ్లు తుడిచాను, అదెలాగో ఇప్పటికీ నాకు వింతే.

గీత పడుతుందని ఆయన ఉంగరం తీసి, గుండీల చొక్కా విప్పి గానీ దాన్ని ముట్టుకునేవారు కాదు. "గుళ్లో చెప్పులు విప్పుతావు కదరా, ఇక్కడ గుండీలు" అనేవారు.

పొద్దున దీపం ఆర్పగానే గది చుట్టూ తెరలు వెయ్యాలి. ఒకరోజు మరిచిపోయాను. ఎండ ఆ గాజులోంచి దూరి, దీపం పక్కనున్న గుడ్డలు భగ్గుమన్నాయి. ఆయన చేత్తోనే ఆర్పారు. అరచెయ్యి కాలింది. "చూశావా, రాత్రి వెలుగు పంపే గాజే పగలు సూర్యుణ్ణి లాక్కొస్తుంది. దీనికి భయపడు" అన్నారు. రోజూ దీపం లెక్క రాసే పుస్తకంలో తప్పు తనదని రాసుకున్నారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆ పుస్తకంలోనే: దీపం వెలిగింది, దీపం ఆరింది. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే నావి, ఆయనవి కావు.

రిటైరయ్యాక ఇద్దరం పిల్లల దగ్గరికి ఢిల్లీ చేరాం. నెలనెలా బస్సెక్కి ఆ ఆఫీసుకు వెళ్లేవాళ్లం. "అంకుల్ జీ, ఫైల్ ఊపర్ గయీ హై" అనేవాడు గుమాస్తా.

"పైకెళ్లిందా? అయితే త్వరలో నేనే వెళ్లి కనుక్కుంటాలే" అనేవారు హెడ్డు గారు.

పోయిన చలికాలం పోరుపెట్టి పెట్టె మూత తీయించాం. అంత చలిలో ఆయన స్వెటరు, చొక్కా విప్పి, ఉంగరం నా చేతిలో పెట్టి తుడవడం మొదలుపెట్టారు. "అరే, బుడ్ఢా పాగల్ హై" అని, ముసలాడికి పిచ్చెక్కిందని గుమాస్తాలు నవ్వారు. ఇంతలో కిటికీలోంచి ఎండ వచ్చి గాజు మీద పడింది. గోడలూ, బీరువాలూ, నవ్వుతున్న వాళ్ల మొహాలూ ఏడు రంగులయ్యాయి. ఆ గుమాస్తాల్లో ఒకావిడ చెప్పులు విప్పేసింది.

వచ్చే నెల మూడో గురువారం ఆయన మాసికం. ఆ రోజు ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన తుడుపుగుడ్డ పట్టుకుని, బనియనుతో నిలబడి ఉంటాను. ఆఫీసు వారూ, లెన్సు ఒడ్డుకు ఎప్పుడు పంపుతారు? కాగితం మీద జవాబు కావాలి.