నల్ల ఏంజిల్ చేపలు

మా ఇంటాయన చింతామణిలో మా మిద్దె మీద సిమెంటు తొట్లు కట్టి రంగు చేపలు పెంచేవాడు. మొబైల్ ఫోన్లు మా వీధిలోకి అప్పుడప్పుడే వస్తున్న కాలం. గుడ్ల నుంచి సాకిన నల్ల ఏంజిల్ చేపలంటే ఆయనకు ప్రాణం. వాటిని బాగేపల్లిలో చేపల అంగడి పెట్టుకున్నాయనకు ఇస్తానని మాటిచ్చినాడు. పంపే లోపలే కడుపు జబ్బుతో చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.

ముద్ద దిగని మనిషి మంచం మీద పండుకునే నాకు పని నేర్పినాడు.

"రెండు దినాలు మేత వెయ్యద్దు. కడుపు ఖాళీగా ఉంటేనే దారిలో నీళ్ళు చెడవు. కవర్లో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్. కింద మూలలు రెండూ రబ్బర్ బ్యాండుతో కట్టు. లేకుంటే చేపలు ఆ మూలల్లో ఇరుక్కుంటాయి. తెలిసిందా?"

"తెలిసింది. రెండు గుక్కలు గంజి తాగండి" అన్నాను.

తల అడ్డంగా తిప్పినాడు.

మరుసటి దినం ఇంటికొచ్చి మిద్దె ఎక్కినాను. నా నీడ పడేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తా మూస్తా ఉండాయి. ముందు దినమంతా ఆయన ముందర గిన్నె పట్టుకుని కూర్చున్న దాన్ని. ఆయన వద్దంటాడు, ఇవి అడుగుతాండాయి. చెయ్యి ఆగలేదు. డబ్బా మూత తీసి మేత వేసినాను. ఇంకొంచెం వేసినాను. అవి తింటా ఉంటే చూసి, ఎన్ని దినాలకో నా కడుపు నిండినట్లయింది.

మర్నాడు పొద్దున్నే మిగిలినదంతా ఆయన చెప్పినట్లే చేసినాను. కవర్లు థర్మకోల్ పెట్టెలో పేర్చి, సందుల్లో పేపర్లు కుక్కి, బాగేపల్లి బస్సు కండక్టరుకు అప్పగించి, నేను చిక్కబళ్ళాపురం బస్సెక్కినాను.

మధ్యాహ్నం ఆసుపత్రి ఎదురుగా ఉన్న కాయిన్ ఫోన్ నుంచి అంగడాయనకు ఫోన్ చేసినాను. నా గొంతు గుర్తుపట్టి ఆయనే ముందు అడిగినాడు.

"అమ్మా, మేత ఏమన్నా వేసినారా?"

"వేసినానప్పా."

"నీళ్ళన్నీ చెడిపోయినాయమ్మా. ఒకటీ దక్కలేదు. పోనీ, ఇంటాయనకు ఎట్లుండాది?"

ఫోన్ పెట్టేసి, కొళాయి దగ్గర మొగం కడుక్కుని లోపలికి పోయినాను. మా ఇంటాయన వాకిలి వైపే చూస్తా ఉండాడు.

"చేరినాయా?"

"చేరినాయి."

"అన్నీ బతికుండాయా?"

"అన్నీ. బాగా కట్టినారని చెప్పినాడు."

ఆయన మొగంలో నవ్వొచ్చింది. "నీకు పని వచ్చేసింది. ఇంక నాకు దిగుల్లేదు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పూట అడగకుండానే నాలుగు చెంచాల గంజి తాగినాడు.

ఐదో దినం పోయినాడు.

కర్మలన్నీ అయినాక బాగేపల్లి అంగడాయన మా ఇంటికొచ్చినాడు. తొట్లలో మిగిలిన చేపల్ని తనే కవర్లలో కట్టి తీసుకుపోయినాడు. నేను చెయ్యి పెట్టలేదు. మెట్ల మీద కూర్చుని ఏడ్చినాను.

నిజం చెప్పింటే మా ఇంటాయన నన్ను తిట్టేవాడు కాదు. "పోనీలే, ఆకలి చూడలేకపోయినావు" అనేవాడు. ఆ మాట ఆయన నోటితో వినకుండా నేనే చేసుకున్నాను.