నేను బిగించిన మట్టె

తొంభైల నాటి మాట. మాది త్రిపురారం. షుగరుతో అమ్మ పాదాలకు స్పర్శ పోయింది. వదులై జారిపోతున్న ఆమె కాలి మట్టెను నేనే నొక్కి బిగించాను. దాని కింద పుండుపడి వేలు నల్లబడేదాకా ఎవరికీ తెలియలేదు.

మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు, "వేలు తీసెయ్యాలి, లేకుంటే పాదమే పోతది. ముందు మట్టె తియ్యండి" అన్నాడు.

అమ్మ కాలు వెనక్కి లాక్కుంది. "మీ నాయిన ఉండంగ మట్టె ఎట్ల తీస్తరు బిడ్డా?" అంది నాతో.

నాన్న కింద కూర్చుని ఆమె పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. "తొడిగింది నేనే, నేనే తీస్త."

ఆయన మట్టె విప్పుతుంటే, "జర మెల్లగ, నొస్తున్నది" అంది అమ్మ. పుండు పడినా నొప్పి తెలియని కాలు అది.

వేలు పోయింది, గాయం మానింది. మట్టె బిగించింది నేనని అమ్మ చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈరోజు నేనే చెబుతున్నాను.