రెట్టింపైన రాబడి

మనవరాలు ఫోన్లో ఒక షేరు చూపించి, "అమ్మమ్మా, డివిడెండు రాబడి ఎంతుందో చూడు!" అనగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు.

తిరుమలగిరిలో బడిపంతులుగా పనిచేసే మా నాయన, ఇంట్లో పుట్టుకలూ చావులూ రాసుకునే బైబిలు వెనక పేజీలోనే తను కొన్న మిల్లు షేరుకు లాభంలో వచ్చే వాటా, అంటే డివిడెండు కూడా ఏటేటా రాసేవాడు. దాన్ని షేరు ధరతో భాగిస్తే రాబడి తెలుస్తుందని నాకు నేర్పాడు.

1948లో పోలీసు చర్య రోజుల్లో పేపర్లో షేరు ధర చూసి, పోయినేటి డివిడెండుతో నేనే లెక్క కట్టాను.

"నాయినా, మన రాబడి రెండింతలైంది!" అని గంతులేశాను.

నాయన పేపరు లాక్కుని ధర చూశాడు.

"మిల్లు ఇచ్చేది పెరగలే బిడ్డా! షేరు ధర సగానికి పడ్డది."

మరుసటి ఏడు డివిడెండు రాలేదు. నాయన బైబిలు తెరిచి, చావుల వరుసలో నానమ్మ పేరు కింద మిల్లు పేరు రాశాడు.