మా బావ పెరట్లో ఈజిప్టు రాజు

నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక వరసలో నిలబెడితే, ఇప్పుడు చెప్పబోయేదానికి సింహాసనం వేసి కూర్చోబెట్టాలి. దానివల్ల తాలూకా ఆఫీసు జీపు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తింది. ఊరు ఊరంతా పనులు మానుకుని మా అక్క వాళ్ల పెరట్లో చేరింది. నేను చావుదాకా వెళ్లి వచ్చాను. మా బావ రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఇంత అనర్థానికీ కారణం నేను ఒక నవల చదవడం.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కర్నూలులో ఇంటరు పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ గ్రంథాలయంలో కాలం గడుపుతున్నాను. అక్కడ దొరికిందా పుస్తకం. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు, అందుకే రాసిన మహానుభావుడెవరో నేటికీ తెలియదు. ఈజిప్టు ఎడారిలో కొందరు పురావస్తు పరిశోధకులు ఇసుక తవ్వి ఒక రాజు సమాధి కనిపెడతారు. మూసిన రాతి తలుపు, దాని మీద పక్షుల బొమ్మల అక్షరాలు, తెరవవద్దని శపించే ముసలమ్మ, లోపలికి వంచగానే ఆరిపోయే దీపం! ఐదుసార్లు చదివాను. ఐదోసారికి నాలో పరిశోధకుడు పుట్టాడు. పుట్టగానే పరుగెత్తడం మొదలుపెట్టాడు, పాకడం కూడా నేర్చుకోలేదు.

ఆ ఊపులోనే కమలాపురం దగ్గరి పల్లెలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లాను. అవి కరువు రోజులు. రెండేళ్లుగా వానల్లేవు. ఊళ్లో సర్కారు వాళ్లు గంజి పోస్తున్నారు. మా బావ పశువుల మేత కోసం జమ్మలమడుగు వైపు బండి కట్టుకుని పోయాడు. ఇంట్లో అక్క, ఆమె అత్తగారు మాత్రమే ఉన్నారు. ఆ పెద్దావిడను అందరం అవ్వ అనేవాళ్లం.

రెండో రోజు పెరటి చివర, కూలిపోయిన పాత కొట్టం దగ్గర తిరుగుతుంటే నా చెప్పు కింద నేల 'ధబ్' అంది. మామూలు నేల అలా అనదు. ఇంకోసారి తొక్కాను, మళ్లీ 'ధబ్' అంది. నా గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంది. మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకాను. జానెడు లోతులో నల్లటి కడప బండ! దాని అంచుల చుట్టూ మట్టితో మెత్తిన ముద్ర! ఎండిన ఆ మట్టి మీద, పాఠకులారా, పక్షి పాదాల అక్షరాలు! వరసగా మూడు, పక్కన ఒకటి, కొంచెం ఎడంగా మరో రెండు!

అప్పుడే వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఏమబ్బీ, ఎండలో ఈడేం చేస్తాండావు?"

"ఏం లేదవ్వా, ఊరికే తిరుగుతాండా."

"తిరిగేదుంటే ఊరిమీద తిరుగు. ఈ పక్కకు రావాకు."

"ఏముండాదవ్వా ఈడ?"

"ఏం ల్యా. రాళ్లు, తేళ్లు. ఆ బండ జోలికి పోతే ఇల్లు గుల్లయితాది, సెప్తాండా!"

నా ఒళ్లు ఝల్లుమంది. ముసలమ్మ, శాపం! ఆ నవలలో నూట పన్నెండో పేజీ నా కళ్లముందు చీర కట్టుకుని నిలబడినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆ పక్షి అక్షరాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకుని అక్కకు చూపించాను.

"ఇవి కోడి కాళ్లు గదరా?" అంది అక్క.

"నీకు కనపడేది కోడి. నాకు కనపడేది మూడు వేల ఏండ్ల చరిత్ర."

"నీకు ఎండ తగిలింది. మజ్జిగ తాగి పడుకో."

చరిత్రకారులు మజ్జిగ తాగి పడుకుంటే చరిత్ర ఎవరు రాస్తారు? నేను రాత్రికల్లా సిద్ధాంతం తయారు చేశాను. మన సీమ వజ్రాల కోసం ఒక ఈజిప్టు రాజు ఓడెక్కి వచ్చాడు. పెన్నా నదిలో నీళ్లు లేకపోగా మైళ్లకొద్దీ ఇసుక కనపడేసరికి, సొంతూరు వచ్చిందనుకుని ఇక్కడే ఆగిపోయాడు. ఇక్కడే పోయాడు. ఈ సిద్ధాంతంలో నాకు ఒక్క లోపం కూడా కనిపించలేదు.

మర్నాడు బావ సైకిలు మీద కమలాపురం పోయి తాసిల్దారును కలిశాను. ఆయన కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి. మెత్తగా మాట్లాడతారు. నా నోటుబుక్కు తిప్పి తిప్పి చూశారు.

"సమాధి అంటారు. లోపల ఏమైనా ఉంటుందంటారా?"

"శానా ఉంటాది సార్! నేల నిండా నిధి!"

"స్థలం ఎవరిదండీ?"

"మా బావది. ఆయనకు ఇంకా తెలీదు. వచ్చేలోపల ప్రపంచానికే తెలియాల!"

బావ పేరు చెప్పగానే ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "రేపు పొద్దున్నే వస్తాను" అన్నారు. చరిత్ర మీద ఆయనకున్న ఆసక్తికి నేను పొంగిపోయాను.

బండ ఎత్తడానికి బావులు తవ్వే పుల్లన్నను పిలిచాను. నల్లగా, ఎండిన కట్టెలా ఉండే మనిషి. ఇంట్లో నలుగురు పిల్లలు. బండను చూడగానే నవ్వాడు.

"ఇదేందో తెలుసునాప్పా నీకు? ఇది..."

"నోరు తెరవాకు పుల్లన్నా! నేనంతా చదివినా!"

"సదివితివా? రెడ్డికి తెలుసునా, దీన్ని తీస్తాండేది?"

"బావకు తెలియాల్సిన పనిలేదు. తాసిల్దారే వస్తాండాడు."

పుల్లన్న నన్ను ఒకసారి, బండను ఒకసారి చూశాడు. "దొరే వస్తాంటే ఇంగ నాదేముండాదిలే" అని గడ్డపార భుజాన వేసుకున్నాడు. ఆ నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంది.

మరునాడు పొద్దున జీపు వచ్చింది. తాసిల్దారు, ఆయన వెనక ఇద్దరు బంట్రోతులు దిగారు. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ల చేతుల్లో గంపలు, చేటలు ఉన్నాయి. తవ్విన మట్టి మోయడానికి తెచ్చారనుకుని వాళ్ల సేవాభావానికి నా కళ్లు చెమర్చాయి. అవ్వ మాత్రం తాసిల్దారుకు నీడలో మంచం వేయించి, గుమ్మంలో తల పట్టుకుని కూర్చుంది. నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఈజిప్టు నుంచి పెన్నా దాకా సగం దారి వచ్చేసరికి తాసిల్దారు గడియారం చూసుకుని, "ఎత్తించండి" అన్నారు.

పుల్లన్న, ఇంకో ఇద్దరు కలిసి గడ్డపారలు దూర్చి బండ పక్కకు జరిపారు. చీకటి గుంత నోరు తెరిచింది. వేడి ఆవిరి, ముక్కిన వాసన గుప్పున కొట్టింది. అచ్చంగా నవలలో లాగానే!

"ఒక పూట ఇట్లే ఇడిసిపెట్టాలప్పా" అన్నాడు పుల్లన్న. "లోపల గాలి మంచిది కాదు. మనిషిని పడేస్తాది."

"అది గాలి కాదు పుల్లన్నా, శాపం."

తాడు కట్టి లాంతరు లోపలికి దించాను. రెండడుగులు దిగిందో లేదో, ఆరిపోయింది. జనం "అబ్బా!" అన్నారు. తాసిల్దారు వెనక్కి జరిగారు. నాకు ఆనందంతో ఊపిరాడలేదు. అసలు ఊపిరాడకపోవడం ఇంకా ముందుందని నాకు తెలియదు. నేను వద్దంటున్నా వినకుండా పుల్లన్న నా నడుముకు మోకు కట్టాడు. నేను బోర్లా పడుకుని, తల, రెండు చేతులు గుంతలోకి పెట్టాను. వేళ్లకు ఏదో గరగరలాడుతూ తగిలింది.

"జుట్టు!" అని కేక పెట్టాను. "రాజుగారి జుట్టు!"

ఇంకా ఏమేమో చెప్పాలనుకున్నాను. చెవుల్లో గంటలు మోగాయి. కళ్లముందు ఈజిప్టు, కర్నూలు, ఇంటరు ఫలితాలు కలిసి గిర్రున తిరిగాయి. తల్లకిందులుగా లోపలికి జారిపోయాను.

తెలివి వచ్చేసరికి పెరట్లో వెల్లకిలా పడి ఉన్నాను. పుల్లన్న మోకు పట్టుకుని రొప్పుతున్నాడు. అరచేతుల చర్మం ఊడిపోయింది. అక్క నా మొహం మీద నీళ్లు చల్లుతూ ఏడుస్తోంది.

"కండ్లు తెరువురా! అమ్మకు ఏం సెప్పాలరా నేను!"

పలకబోతే నోరు తిరగలేదు. నోటినిండా గింజలు. ఉమ్మి చూశాను. జొన్నలు! చెవుల్లో జొన్నలు, చొక్కాలో జొన్నలు. నేను పట్టుకున్న రాజుగారి జుట్టు, గింజకు తేమ తగలకుండా గుంతకు అడుగున, చుట్టూ పరిచే గడ్డి. పాతర అనే మాట విన్నానే గానీ, నేల కింద గుంత తవ్వి ధాన్యం దాచేది ఇట్లాగని, పట్నంలో పెరిగిన నేను ఎన్నడూ చూడలేదు. బండ మీద మట్టి తడిగా ఉన్నప్పుడు నడిచింది మా అక్క పెంచే కోడే.

అయినా నాలోని పరిశోధకుడు చావలేదు. "సార్! సమాధుల్లో రాజులకు ధాన్యం పెడతారు సార్! పైలోకంలో తినేదానికి!" అని లేవబోయాను.

తాసిల్దారు గుప్పెడు జొన్నలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఈ రాజుగారు మూడేళ్ల కిందటే పోయినట్టున్నారండీ."

సరిగ్గా అప్పుడే మేత బండితో మా బావ వచ్చాడు. జీపును చూశాడు. జనాన్ని చూశాడు. తెరిచిన పాతరను చూశాడు. చివరికి జొన్నల్లో పొర్లాడిన నన్ను చూశాడు. ఆ చూపుకు నేను మళ్లీ గుంతలోకి దూకుదామనుకున్నాను.

"రండి రెడ్డిగారూ" అన్నారు తాసిల్దారు మెత్తగా. "సర్కారుకు ఇవ్వాల్సిన లెవీ ధాన్యం అడిగితే ఇంట్లో గింజ లేదని ప్రమాణం చేశారే నాతో. మరి ఇదెవరిది?"

నాది అంటే కేసు, కాదంటే జొన్నలు పోతాయి. బావ మీసం ఒకసారి దువ్వుకుని నా వైపు వేలు చూపించాడు.

"నాకేం తెలుసు సార్? మా బామ్మర్ది సదువుకున్నోడు. రాజుదంటాండాడు గదా, రాజుదే అయుంటాది."

పెరడంతా నవ్వుతో ఊగిపోయింది. తాసిల్దారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. "అయితే వారసులు లేని సొత్తు. ఈ ఊరి వాళ్లకే పంచండి" అన్నారు.

గంపలు, చేటలు ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమైంది. పుల్లన్న నవ్వు కూడా. ఆ సాయంత్రం చాలాకాలానికి ఊళ్లో ప్రతి ఇంటా సంగటి ఉడికింది. పుల్లన్న భార్య ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ రాజు సల్లగుండల్ల నాయనా" అంది. ముద్దంతా అక్కడే నిలబడి తిన్నాను. ఈసారి జొన్నలు ఉమ్మలేదు.

బావ మాత్రం నేనున్న గదిలోకి కూడా రాలేదు. మర్నాడే మూట కట్టుకున్నాను. బస్సు దాకా అవ్వే తోడు వచ్చింది. నేను ఏడుపు మొహంతో ఆమె కాళ్లు పట్టుకున్నాను.

"ఇల్లు గుల్ల చేసినానవ్వా."

అవ్వ అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగింది. "అంత బాధపడాకబ్బీ. నువ్వు తీసింది చిన్నది."

"అంటే? పెద్దది గూడా ఉండాదా?"

"నిన్న ఆ దొరకు నీడలో మంచమేసి కూచోబెట్టింది దేని మీదనుకుంటివి?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా కాళ్లు బస్సు వైపు కాక ఊరి వైపే తిరిగాయి. అవ్వ నా రెక్క పట్టుకుని బస్సులోకి తోసింది.

బస్సు కదిలాక కిటికీ ఊచ పట్టుకుని, కండక్టరు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. బతికున్న రాజుదైనా, చచ్చిన రాజుదైనా, ఈ జన్మలో మూత పెట్టి ఉన్న దేన్నీ తెరవను. ఇన్నేళ్లయినా ఆ మాట తప్పలేదు. మా ఇంట్లో ఊరగాయ జాడీ కూడా మా ఆవిడే తెరుస్తుంది. నేను నాలుగడుగులు దూరంగా నిలబడతాను.